పొగ అలారము, విషవాయు అలారము: కొనుట, అమర్చుట, మార్చుట

పుష్యమాసములో కోళ్ల ఫారములు చూచుటకు వెళ్లినపుడు నేను తప్పక చూచు స్థలము ఒకటి కలదు. అది కోడిపిల్లల షెడ్డు కాదు, దాని ప్రక్కన పనివాడు పండుకొను గది. పిల్లలను దింపిన మొదటి వారములో బ్రూడరు క్రింద సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉండవలెను. కరెంటు నమ్మకము లేనిచోట రైతులు బొగ్గుల కుంపట్లు పెట్టి, చుట్టును గోనె పరదాలు దింపుదురు. రాత్రి రెండు మూడు మారులు లేచి నిప్పు చూడవలెను గనుక పనివాడు షెడ్డువైపు తలుపు తెరచియుంచి పండుకొనును. చలికి ఓర్వలేక ఒక కుంపటిని తన గదిలోనికే తెచ్చుకొనువారును కలరు.

గత సంవత్సరము అట్టి గదిలో గోడమీద ఒక తెల్లని డబ్బా కనిపించినది. "మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చాడండీ" అని యజమాని సంతోషముతో మీట నొక్కి మోగించి చూపినాడు. బాగుగనే మోగినది. విప్పి వెనుకవైపు చూడగా తయారైన సంవత్సరము 2013 అనియు, ఏడేండ్లకు మార్చవలెననియు అచ్చువేసి యున్నది. చదివి వినిపించితిని. ఆయన నమ్మలేదు. "మోగుతోంది గదండీ సారూ, ఇంకేం కావాలి?" అన్నాడు.

ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొనుట చాల అవసరము. మీట నొక్కినపుడు తెలియునది మూడే సంగతులు: బాటరీలో శక్తి ఉన్నదా, లోపలి తీగెల మార్గము బాగున్నదా, కూత వచ్చుచున్నదా. విషవాయువును పసిగట్టు భాగము పనిచేయుచున్నదో లేదో ఆ మీట చెప్పదు. ఆ భాగము ఒక చిన్న రసాయన ఘటము. వాడినను వాడకపోయినను కాలక్రమమున దాని శక్తి తగ్గిపోవును. నిలువచేసిన విత్తనము చూపునకు నిగనిగలాడుచునే మొలకశక్తిని కోల్పోవును గదా, ఇదియు అట్టిదే. విత్తనపు సంచి చీటీమీద గడువు చూచు రైతు ఈ డబ్బా వెనుక తేదీని చూడకుండుట తగదు. గడువు తీరిన అలారము ఉన్న ఇల్లు ఏ అలారము లేని ఇంటికంటె ప్రమాదకరమని నా అభిప్రాయము. ఏలయన, అది ఉన్నదను ధైర్యముతో మనుష్యులు కిటికీ మూసికొందురు.

ఏది దేనిని పట్టును?

కార్బన్ మోనాక్సైడు అను వాయువునకు రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట లేదు. బొగ్గు, కట్టె, కిరోసిను, డీజిలు, గ్యాసు తగినంత గాలి అందక కాలినపుడు ఇది పుట్టును. బాగుగ రాజుకొని పొగ ఆగిపోయిన ఎర్రని బొగ్గులనుండియు ఇది వచ్చుచునే యుండును. పొగ లేదు గనుక భయము లేదనుకొనుటయే చావునకు దారితీయుచున్నది. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువుకంటె ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, కండ్లు తిరుగుట, వాంతి, మగత వరుసగా వచ్చును. నిద్రించువానికి ఇవి యేవియు తెలియకనే స్మృతి తప్పును.

పొగ అలారము ఈ వాయువును పట్టదు. అది పొగలోని రేణువులను మాత్రమే పట్టును. విషవాయు అలారము పొగను పట్టదు. వంటగ్యాసు కారుటను ఈ రెండును పట్టవు, దానికి వేరొక పరికరము కలదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది గనుక ఆ పరికరమును నేలకు దగ్గరగా అమర్చవలెను. కార్బన్ మోనాక్సైడు గాలికి ఇంచుమించు సమానమైన బరువుకలది. గది అంతటను కలిసిపోవును గనుక దాని అలారమును మంచమువద్ద, పండుకొనువారి ముఖము ఎత్తున గోడకు పెట్టినను పనిచేయును. ఈ విషయములో తయారుచేసినవారి కాగితములో ఉన్నట్లు నడచుకొనుడు.

కొనునపుడు

పొగ అలారములు రెండు రకములు. కాంతికిరణముతో పనిచేయునది పరుపు, గోనె, పత్తి వంటివి రగులుచు పొగ వచ్చునపుడు ముందుగా మోగును. అయొనైజేషను రకము మంట లేచిన అగ్నిని త్వరగా పట్టును. మన ఇండ్లలో రాత్రిపూట నిప్పంటుకొనుట ఎక్కువగా దోమల చుట్టతోనో, చుట్ట నిప్పుతోనో, పత్తి నిలువచేసిన గదిలోనో మొదలగును గనుక నేను మొదటి రకమునే సిఫారసు చేయుదును. తాలింపు పొగకును, సాంబ్రాణి ధూపమునకును ఊరక మోగుట కూడ దానిలో తక్కువ.

డబ్బాపై ఏ ప్రమాణము వ్రాసియున్నదో చూడవలెను. పొగ అలారమునకు యు.ఎల్. 217 గాని, ఇ.ఎన్. 14604 గాని, విషవాయు అలారమునకు యు.ఎల్. 2034 గాని, ఇ.ఎన్. 50291 గాని ఉండవలెను. ఏ గుర్తును లేక చవుకగా వచ్చునది కొనవద్దు. మన ఐ.ఎస్. 2189 పెద్ద భవనములలో తీగెలతో కలిపి నడుపు అగ్ని హెచ్చరిక ఏర్పాట్లకు సంబంధించినది. హాస్టళ్లు, గోదాములు చూచు గ్రామాధికారులు దానిని తెలిసికొనియుండుట మంచిది.

విదేశమునుండి పిల్లలు తెచ్చునవి చాలవరకు మంచివే. కాని అమెరికాలో ఇంటి కరెంటు 120 వోల్టులు, మనది 230 వోల్టులు. అచ్చటి కరెంటు తీగెకు తగిలించు రకమును ఇచ్చట తగిలించిన కాలిపోవును. బాటరీతో నడచునదే తెమ్మని వ్రాయుడు. షాపులో చాలకాలము పడియున్న సరుకు కావచ్చును గనుక డబ్బు ఇచ్చుటకు ముందే తయారైన తేదీ చూడుడు. గడువు లెక్క సాధారణముగా ఆ తేదీనుండియే గాని, మీరు కొన్ననాటినుండి కాదు.

అమర్చుట

పొగ పైకి లేచును గనుక పొగ అలారమును పైకప్పుకు గాని, గోడమీద పైకప్పునకు ఒక అడుగు లోపల గాని బిగించవలెను. పండుకొను ప్రతి గదిలోను, ఆ గదుల వెలుపలి వసారాలోను ఒకటి ఉండుట మేలు. పొయ్యికి పది అడుగుల దూరము, సీలింగు ఫాను రెక్కల కొనకు మూడడుగుల దూరము వదలుడు. పెంకుటింటిలో కొప్పుకు మూడడుగుల లోపల, కాని కొప్పు కొనకు నాలుగంగుళములు క్రిందుగా ఉంచుడు.

రేకుల ఇండ్లలో ఒక చిక్కు కలదు. చాల అలారములు సుమారు 40 డిగ్రీల వేడి వరకే పనిచేయునట్లు చేయబడినవి. రోహిణీకార్తెలో రేకు క్రింద అంతకంటె ఎక్కువ వేడి ఉండును. రేకునకు తగిలించక గోడపై నీడపట్టున పెట్టి, తయారీదారుడు వ్రాసిన హద్దు చూచుకొనుడు. కోళ్ల షెడ్డు లోపల దుమ్ము, అమ్మోనియా ఎక్కువ. పొగాకు బారన్లలో వేడి మరీ ఎక్కువ. ఇంటి అలారములు ఆ చోట్లకు తగవు. మనిషి పండుకొను గదిలో పెట్టుడు.

కాపాడుట

నెలకు ఒకసారి మీట నొక్కుడు. అమావాస్యనాడు చేసినచో మరువకుందురు. ఆరు నెలల కొకసారి మెత్తని కుంచెతో దుమ్ము, సాలెగూడు తుడువుడు. వానాకాలములో దీపపు పురుగులు లోపల దూరి ఊరక మోగించుట కద్దు. దానిపై పురుగుమందు కొట్టరాదు, సున్నము గాని రంగు గాని పూయరాదు. పండుగకు ఇల్లు వెల్లవేయునపుడు విప్పి దాచి, పని ముగిసిననాడే మరల బిగించుడు.

బాటరీ మార్చు రకమైనచో ఏడాది కొకసారి మార్చుడు. నిముషమున కొకసారి 'కిచ్' మని చిన్న కూత వచ్చిన, అది బాటరీ తగ్గినదనియో, పరికరము ఆయువు తీరినదనియో తెలుపు గుర్తు. కూతకు విసిగి బాటరీ ఊడబీకి టార్చిలైటులో వేసికొన్నవారిని నేను చూచియున్నాను. వంటపొగకు తరచు మోగుచున్న, అలారమును దూరముగా జరుపుడు, బాటరీ తీయకుడు.

పొగ అలారమును పదేండ్లకు మార్చవలెను. విషవాయు అలారమునకు రకమును బట్టి ఐదు మొదలు పదేండ్ల వరకు గడువు ఉండును. రెండును కలిసిన పరికరమైన, దానిపై వ్రాసిన గడువే లెక్క. కొన్ననాడే మార్చవలసిన సంవత్సరమును పెద్ద అక్షరములతో ముందువైపు వ్రాసి అంటించుడు.

మోగినపుడు

విషవాయు అలారము వెంటనే మోగదు. ఇ.ఎన్. 50291 ప్రకారము గాలిలో పది లక్షల భాగములకు 50 భాగములు ఉన్నపుడు 60 మొదలు 90 నిముషములలో, 100 భాగములు ఉన్నపుడు 10 మొదలు 40 నిముషములలో, 300 భాగములైన 3 నిముషములలోపున మోగవలెను. కావున అది మోగినపుడు గదిలో విషము చేరి కొంతసేపైనదని అర్థము. వెంటనే అందరిని ఆరుబయటికి తీసికొనిపోయి లెక్క చూచుకొనుడు. తలనొప్పి, మగత ఉన్నవారికై 108 కు ఫోను చేయుడు. అగ్నియైన 101. తలుపులు తెరచిన పిమ్మట కూత ఆగినదని మరల లోపల పండుకొనరాదు. కుంపటిని బయట పెట్టవలెను.

కోవిడ్ కాలములో, అనగా 2020, 2021 సంవత్సరములలో, చాల ఇండ్లవారు వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు కొన్నారు. ఈ విషమునకు దానిని నమ్మరాదు. విషవాయువు పట్టిన రక్తమును కూడ అది ప్రాణవాయువు ఉన్న రక్తముగా లెక్కించి 98 అని చూపవచ్చును. ఆస్పత్రిలో బొగ్గు కుంపటి సంగతి తప్పక చెప్పుడు, చెప్పనిచో డాక్టరు వేరు జబ్బనుకొనవచ్చును.

బావిలో దిగుటకు ముందు ఈ అలారమును త్రాటితో దించి చూడవచ్చునా అని కొందరు అడిగినారు. చూడరాదు. అది మోగుటకు పట్టు కాలములోనే దిగినవాడు పడిపోవును. పైగా బావిలో చంపునది బొగ్గుపులుసు వాయువో, ప్రాణవాయువు లేకపోవుటయో కావచ్చును. వీటిని ఈ పరికరము ఎరుగదు. దీపము దించి చూచు పాత పద్ధతి కార్బన్ మోనాక్సైడును చెప్పదు. డీజిలు ఇంజను నడచిన బావిలో ఎవరిని దింపవద్దు. అగ్నిమాపక శాఖవారిని పిలువుడు.

నేను చెప్పిన ఆ ఫారము యజమాని నెలలోపున క్రొత్త అలారము తెప్పించినాడు. పాతదానిని పిల్లలకు ఆటకు ఇచ్చెదనన్నాడు, వలదంటిని. విషవాయు అలారము ఎలక్ట్రానిక్ చెత్త తీసికొనువారికి ఇయ్యవచ్చును. పాత పొగ అలారము అయొనైజేషను రకమైన దానిలో అమెరీసియం అను కిరణధార్మిక పదార్థము అత్యల్పముగా ఉండును. గోడమీద ఉన్నంతకాలము దానివలన భయము లేదు గాని, పగులగొట్టుట, కాల్చుట కూడదు. అమ్మినవారికో, తయారుచేసినవారికో తిరిగి పంపవలెను.