డాబా మీద చైనా ఆరెంజ్

చైనా ఆరెంజ్ కొనబోయే ముందు ఒక సంగతి తెలుసుకోండి. దాని పండు తియ్యగా ఉండదు. నర్సరీలో నడుమెత్తు కూడా లేని మొక్కకు నారింజ రంగు గోళీల్లా కాయలు వేలాడుతుంటే పిల్లలు ముచ్చటపడి అడుగుతారు, మనమూ పేరు చూసి కమలాపండే అనుకుంటాం. తొక్కలో కాస్త తీపి ఉంటుంది కానీ రసం నిమ్మకాయంత పులుపు. దీని అసలు పేరు కాలమొండిన్. కమలాకూ కుంక్వాట్‌కూ పుట్టిన సంకరం ఇది. ఫిలిప్పీన్స్‌లో కలమాన్సీ అంటారు, మనింట్లో నిమ్మకాయ చేసే పనులన్నీ అక్కడ దీనితోనే జరుగుతాయి. ఈ లెక్కన చూసి కొంటే మీరు నిరాశపడరు.

పొద్దున ఎనిమిదింటికి ఎల్బీనగర్ మెట్రో కోసం పరుగెత్తి, చీకటి పడ్డాక బడంగ్‌పేట్ చేరేవాళ్ళకు నేను ఈ చెట్టే చెబుతాను. నిమ్మచెట్టు నేలలో పెట్టాలంటే సొంత జాగా కావాలి, కాపుకు ఏళ్ళు ఆగాలి. అంటు కట్టిన కాలమొండిన్ కుండీలోనే పూస్తుంది, పండుతుంది. తన పుప్పొడితోనే కాయ కడుతుంది కాబట్టి ఒక్క మొక్క ఉన్నా చాలు. అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తే వెంట తీసుకుపోవచ్చు. రోజుకు ఆరు గంటల ఎండ మాత్రం తప్పదు. ఉత్తరం వైపు బాల్కనీ ఒక్కటే ఉన్నవాళ్ళు దీన్ని కొనకండి.

నా మొదటి మొక్కను నేనే చంపుకున్నాను. ముచ్చటపడి అడుగున రంధ్రం లేని పింగాణీ కుండీలో పెట్టాను. ఆఫీసుకు వెళ్ళే ముందు ఆరున్నరకు రోజూ ఒక మగ్గు నీళ్ళు పోసేదాన్ని. ఆకులు రాలడం మొదలైతే దాహమనుకుని రెండు మగ్గులు చేశాను. చివరికి పీకి చూస్తే వేర్లు నల్లబడి కుళ్ళు వాసన. ఆ మొక్క పోయాక నేర్చుకున్నదే ఇప్పుడు చెబుతున్నాను: ఒక ఆదివారం మొత్తం దీనికి ఇచ్చేయండి. మట్టి, కుండీ, చోటు ఆ రోజే సరిగ్గా కుదిరితే తర్వాత రోజుకు ఐదు నిమిషాలు చాలు.

పధ్నాలుగు నుంచి పదహారు అంగుళాల మట్టి కుండీ తీసుకోండి. నల్ల ప్లాస్టిక్ కుండీ మన ఏప్రిల్ ఎండకు కాగిపోయి వేర్లను ఉడికిస్తుంది. అడుగున రంధ్రాలు మూడు నాలుగు ఉండాలి, వాటి మీద కుండ పెంకులు బోర్లించండి. ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, గుప్పెడు వేపపిండి కలపండి. నల్లరేగడి వద్దు, నీళ్ళు పట్టి ఉంచుతుంది. అంటు కట్టిన చోటు మట్టికి పైనే ఉండాలి. దాని కింద నుంచి వచ్చే ముళ్ళ కొమ్మలు వేరుమొక్కవి, కనబడగానే తీసేయండి. కుండీని ఇటుకల మీద నిలబెడితే నీళ్ళు కిందికి దిగిపోతాయి, స్లాబు చెమ్మగిల్లి ఇంటి ఓనర్‌తో మాట పడే అవసరమూ రాదు.

నీళ్ళకు గడియారం చూడకండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజుకు వదిలేయండి, పొడిగా ఉంటే అడుగు నుంచి కారేదాకా పోయండి. మే నెలలో రోజూ కావాలి, ముసురు పట్టిన జూలైలో వారమంతా అక్కర్లేకపోవచ్చు. డాబా ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి మరిగిపోతాయి కాబట్టి పొద్దున్నే పోయాలి. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు నిండా తడిపి, మట్టి మీద కొబ్బరిపీచు పరిచి, గోడ నీడకు జరిపితే నాలుగైదు రోజులు ఓర్చుకుంటుంది.

మన వైపు బోరు నీళ్ళు గట్టివి. వాటినే ఏడాది పొడుగునా పోస్తే మట్టిలో సున్నం పేరుకుంటుంది, ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనబడితే అదే జబ్బు. ఎరువుల దుకాణంలో అన్నభేది అడగండి. లీటరు నీటికి రెండు గ్రాములు, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లండి, వారం ఆగి మళ్ళీ ఒకసారి. వాన నీళ్ళు బకెట్లలో పట్టుకుని పోస్తే ఇంకా మంచిది. ముదురు ఆకులు పసుపెక్కితే మాత్రం ఆకలని అర్థం, నెలకు రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు వేయండి.

మన దగ్గర స్థిరపడ్డవాళ్ళలో నల్లగొండ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. బత్తాయి తోటలు చూసి పెరిగినవాళ్ళకు బెట్ట సంగతి తెలుసు: కొన్ని వారాలు నీళ్ళు ఆపి చెట్టును వాడనిచ్చి, తర్వాత తడిపితే ఒక్కసారిగా పూత విరుచుకుపడుతుంది. మా మామగారు నా చెట్టుకూ అదే చేయమన్నారు. తోట చెట్టు వేర్లు భూమి లోపల ఎక్కడో చెమ్మ వెతుక్కుంటాయి. కుండీలో వేరుకు పదహారు అంగుళాలే లోకం, మూడు వారాలు ఆపితే కొమ్మలు ఎండిపోతాయి. ఆయనకు అదే వివరించాను. కాలమొండిన్‌కు బెట్ట అక్కర్లేదు కూడా, దాదాపు ఏడాదంతా విడతలు విడతలుగా పూస్తుంది. పూత రాలేదంటే ముందు ఎండ చాలుతుందో లేదో చూడండి.

వానాకాలంలో చిగుళ్ళ మీద పిట్టరెట్ట లాంటిది కనబడితే దగ్గరికెళ్ళి చూడండి, అది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, తాకితే తల దగ్గర నారింజ రంగు కొమ్ములు చాపి ఘాటు వాసన కొడుతుంది. చిన్న మొక్కను నాలుగు రోజుల్లో మోడు చేయగలదు. మందు అక్కర్లేదు, పొద్దున టీ తాగుతూ చేత్తో ఏరేయండి. పక్కనే కరివేపాకు కుండీ ఉంటే దాన్నీ వెతకండి. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, ఈ పురుగుకు రెండూ ఇష్టమే. పిండినల్లికి లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఎండ తగ్గాక కొట్టండి.

కాయ రంగు తిరిగాక కత్తెరతో తొడిమ దగ్గర కోయండి, లాగితే తొక్క చిరుగుతుంది. పులిహోరలో, పప్పులో, చేప వేపుడు మీద నాకు నిమ్మరసం కన్నా ఇదే నచ్చింది, కమలా తొక్క వాసన ఉంటుంది. తొక్క పలుచన కాబట్టి ఊరగాయకు కాయలను రెండు చెక్కలు చేసి గింజ తీస్తే సరిపోతుంది.

ఇక ఇల్లు మారే రోజు. ముందు రోజు నీళ్ళు పోయకండి, కుండీ తేలికవుతుంది. ట్రాలీ ఆటోలో కొమ్మలకు పాత చీర చుట్టండి, లేకపోతే గాలికి ఆకులు చీలికలైపోతాయి. కొత్త డాబా మీద పాత ఇంట్లో తూర్పుకు ఉన్న వైపే తూర్పుకు తిప్పి పెట్టండి. మొదటి రెండు వారాలు ఆకులు కొన్ని రాలుతాయి. అప్పుడు కుండీ మార్చకండి, ఎరువు వేయకండి, కంగారుపడి నీళ్ళు ఎక్కువ పోయకండి. చిగురు కనబడేదాకా వేలు పెట్టి చూస్తూ ఉండండి, అంతే.