లొంగుబాటు ఛాయాచిత్రం

కర్మన్‌ఘాట్‌కు చేరువలోని ఎల్.బి. నగర్ కూడలి వద్ద విజయవాడ రహదారి నగరంలో ప్రవేశిస్తుంది. నేడు బస్సులతో, లారీలతో క్రిక్కిరిసి ఉండే ఈ దారి 1948 సెప్టెంబరులో యుద్ధమార్గం. మేజర్ జనరల్ రుద్ర నాయకత్వాన విజయవాడ నుండి బయలుదేరిన భారత సేనలు మునగాల, సూర్యాపేటల మీదుగా హైదరాబాదు దిశగా కదిలాయి. వారిని నిలువరించడానికి నిజాం సేనలు మూసీ వంతెనను కూల్చివేశాయి. ప్రధాన దళం మాత్రం పడమటి వైపున షోలాపూరు నుండి వచ్చింది. దానికి అధిపతి మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురి.

ఆ యుద్ధం పేరెత్తగానే చరిత్ర గ్రంథాలలో ముందుగా కనిపించేది 1948 సెప్టెంబరు 18న సికింద్రాబాదులో తీసిన ఛాయాచిత్రం. చౌధురి, నిజాం సేనాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్ అందులో ఎదురెదురుగా ఉంటారు. ఎద్రూస్ మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనాలో పనిచేసినవారు; చౌధురి రెండవ ప్రపంచయుద్ధంలో ఆఫ్రికా, బర్మా రంగాలను చూసినవారు. ఇద్దరిదీ ఒకే సైనిక సంప్రదాయం. కింది వ్యాఖ్య చదివితే తప్ప విజేత ఎవరో, పరాజితుడెవరో తెలియదు. సైనిక మర్యాదే తప్ప రక్తపు ఛాయ కానరాదు.

ఆ మర్యాదకు వెనుక ఒక సంవత్సర కాలపు సంక్షోభం ఉంది. స్వతంత్రంగా ఉండగోరిన నిజాం 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక చేసుకున్నాడు. అది నిలువలేదు. కాశిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు పల్లెలపై విరుచుకుపడ్డారు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లి గ్రామస్థులు బురుజెక్కి ఎదిరించి, పెద్దసంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్య 17వ తేదీ సాయంత్రం నిజాం రేడియో ప్రకటనతో ఆగింది. దీనికి 'పోలీసు చర్య' అని పేరు. ట్యాంకులు, విమానాలు పాల్గొన్న యుద్ధానికి ఆ పేరెంత తగునో ఆలోచించదగినదే!

మరి ఆ చిత్రం తీసిన తరువాత? చౌధురి సైనిక గవర్నరయ్యారు. సాయుధ రైతాంగ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. నిజాంను ఎదిరించిన రైతులు ఇప్పుడు భారత సైన్యాన్ని ఎదుర్కొన్నారు. మరొకవైపు, సంస్థానంలోని కొన్ని జిల్లాలలో ముస్లిములపై ప్రతీకార హింస చెలరేగింది. దానిని విచారించడానికి నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ బృందం 27,000 నుండి 40,000 మంది వరకు మరణించి ఉంటారని అంచనా వేసింది. లొంగుబాటు చిత్రం అనేక గ్రంథాలకెక్కింది. సుందర్‌లాల్ నివేదిక మాత్రం 2013 వరకు సామాన్య పాఠకునికి అందలేదు.