మోకాలి దగ్గర ఎముక నుజ్జయితే: ఆసుపత్రిలో మీ హక్కులు

ప్ర: రోడ్డు ప్రమాదం కేసు, పోలీసులు వచ్చాకే చేర్చుకుంటామంటున్నారు. నిజమేనా?

జ: కాదు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని 1989లోనే పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటు డాక్టర్లకూ అది వర్తిస్తుంది. తీసుకొచ్చిన దారిన పోయే మనిషిని పేరూ ఊరూ చెప్పమని బలవంతపెట్టకూడదు. మోకాలి గాయంలో ప్రతి గంటా విలువైనదే. కీలు వెనక పెద్ద రక్తనాళం తెగితే దాదాపు ఆరు గంటల్లో రక్తం మళ్లీ పారించాలి, లేదంటే కాలే పోవచ్చు. పాదం చల్లబడినా, రంగు మారినా, వేళ్లు కాస్త కదిపితేనే పిక్క ప్రాణం తీస్తున్నా డాక్టరును కేకేసి పిలవండి. మొహమాటం వద్దు.

ప్ర: ప్రమాద బాధితులకు ఉచిత వైద్యం అంటున్నారు. మొత్తం ఖర్చు వస్తుందా?

జ: కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసిన నగదురహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా వైద్యం చేస్తారు. కానీ ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకే. చిక్కంతా ఇక్కడే ఉంది. మోకాలి కింద ఎముక నుజ్జయినప్పుడు చర్మం ఉబ్బి, నీటిబొబ్బలు లేస్తాయి. ఆ చర్మాన్ని కోసి ప్లేట్లు వేస్తే పుండు మానదు, చీము పడుతుంది. అందుకే మొదట తొడకూ కాలికీ బయటి నుంచి రాడ్లు బిగించి నిలబెడతారు. వాపు తీసి చర్మం మీద ముడతలు కనబడ్డాకే అసలు ఆపరేషన్. దానికి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. బిల్లు పెంచడానికే ఆపుతున్నారని అనుమానించకండి, ఆగడమే మంచి వైద్యం. అయితే అప్పటికి ఏడు రోజుల గడువు దాటిపోతుంది. నియమం రాసినవారికి ఈ వాపు సంగతి తట్టినట్టు లేదు. కాబట్టి చేరిన రోజే అడగండి: రెండో ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనా, ఎన్టీఆర్ వైద్యసేవలోనా, ఈఎస్ఐలోనా, సొంత బీమాలోనా? ముందస్తు అనుమతికి అప్పుడే పెట్టించండి.

ప్ర: మొదటి రోజు పెట్టిన సంతకమే రెండో ఆపరేషన్‌కూ సరిపోతుందా?

జ: సరిపోదు. ప్రాణం మీదకు వస్తే తప్ప, ఒక చికిత్సకిచ్చిన అంగీకారంతో మరొకటి చేయకూడదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్పృహలో ఉన్న మేజరు అయితే సంతకం రోగిదే కావాలి, బావమరిదిది కాదు. ప్లేటు ఒకటా రెండా, తుంటి నుంచి ఎముక తీసి నింపుతారా, మోకాలు ఎంతవరకు వంగుతుంది అన్నవి తెలుగులోనే చెప్పించుకోండి.

ప్ర: ఆపరేషన్ వద్దు, పుత్తూరు కట్టుకు తీసుకెళ్తామంటే?

జ: వద్దనే హక్కు రోగికి ఉంది. డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళ్తున్నట్టు రాయించుకుంటారు, అంతే. కానీ మా మాట వినండి: కీలు లోపలి నునుపైన పైభాగం కుంగినప్పుడు ఏ కట్టూ దాన్ని పైకి లేపలేదు.

ప్ర: బిల్లు పూర్తిగా కట్టలేదని పంపకపోతే?

జ: బాకీ కోసం మనిషిని ఆపే హక్కు ఆసుపత్రికి లేదు. వసూలుకు కోర్టులున్నాయి.

ప్ర: ఏ కాగితాలు అడగాలి?

జ: అడిగిన 72 గంటల్లో కేసు షీటు నకలు ఇవ్వాలన్నది వైద్య మండలి నిబంధన. ఎక్స్‌రేలు, సీటీ స్కాన్‌తోపాటు ప్లేట్లు, స్క్రూల డబ్బాల మీది బ్యాచ్ నంబరు స్టిక్కర్లూ అడగండి. మూడేళ్ల తర్వాత ఆ ప్లేటు తీయాల్సి వస్తే, దేనికి ఏ స్క్రూడ్రైవర్ కావాలో ఆ స్టిక్కరే చెబుతుంది.

ప్ర: నష్టపరిహారం?

జ: 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ఎముక అతికే దాకా ఆగితే గడువు మించిపోవచ్చు. వైకల్యం శాతాన్ని నేరుగా సంపాదన నష్టంగా లెక్కకట్టకూడదని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గొంతుకూర్చోలేని తాపీమేస్త్రీకి పోయింది పనే, కుర్చీలో కూర్చునే గుమస్తాకు అంత పోదు. అందుకే మీరు చేసే పనికి రుజువులు జతచేయండి, వైకల్య ధ్రువపత్రంలోని శాతం కాలికా, మొత్తం ఒంటికా అన్నది డాక్టరు చేత స్పష్టంగా రాయించుకోండి.