దేహశుద్ధి అనే మాట చట్టంలో లేదు

జిల్లా పేజీల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది. అనుమానాస్పదంగా తిరుగుతున్న వ్యక్తిని స్థానికులు పట్టుకుని, దేహశుద్ధి చేసి, పోలీసులకు అప్పగించారు. మూడు క్రియలున్న ఈ వాక్యాన్ని మనం మంచి పని జరిగిన వార్తగానే చదివి పేజీ తిప్పేస్తాం. చట్టం మాత్రం మూడింటినీ మూడు రకాలుగా చూస్తుంది. పట్టుకోవడాన్ని కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది, అప్పగించడాన్ని గడువు పెట్టి మరీ తప్పనిసరి చేస్తుంది. మధ్యలో ఉన్నది మాత్రం దానికి నేరమే. కొట్టడానికి ‘శుద్ధి’ అని పేరు పెట్టిన పుణ్యం మన పత్రికలదే. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల కొత్త వెంచర్లు వెలిసి, సగం ప్లాట్లు ఖాళీగా, సగం ఇళ్లకు తాళాలతో ఉన్న కాలనీల్లో యువకులు వంతులేసుకుని గస్తీ తిరగాలనుకోవడం సహజం. దాన్ని చట్టం ఆపదు. అయితే గస్తీ తిరిగేవారి కంటికి, ఫోనుకు ఎంతో అధికారమిచ్చిన చట్టం చేతికి చాలా తక్కువ ఇచ్చింది, కర్రకు దాదాపు ఏమీ ఇవ్వలేదు. ఈ తేడా తెలియని గస్తీ కాలనీని కాపాడకపోగా కాలనీ పిల్లల్నే నిందితులుగా నిలబెడుతుంది.

ముందు పట్టుకోవడం సంగతి చూద్దాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం మామూలు పౌరుడు కూడా ఒకరిని అరెస్టు చేయవచ్చు. కానీ ఆ నేరం అతని కళ్లెదుట జరగాలి. అది పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగల నేరమై ఉండాలి, పైగా నాన్‌బెయిలబుల్ కూడా అయి ఉండాలి. కోర్టు ప్రకటిత నేరస్తుణ్ని మాత్రం ఎక్కడ కనిపించినా పట్టుకోవచ్చు. ‘అనుమానాస్పదంగా తిరగడం’ వీటిలో ఏదీ కాదు. నిన్నటి సీసీ కెమెరా దృశ్యంలోని మనిషిలా ఉన్నాడని ఇవాళ ఒకణ్ని పట్టుకుంటే అది కళ్లెదుట జరిగిన నేరం కిందికి రాదు. కొత్త చట్టం ఇంకో చిక్కుముడి కూడా వేసింది. ఐదు వేల రూపాయల లోపు విలువైన మామూలు దొంగతనాన్ని పోలీసులు నేరుగా కేసు పెట్టలేని, బెయిలు దొరికే నేరంగా మార్చి, మొదటిసారి శిక్షపడి సొత్తు తిరిగిచ్చిన వాడికి సమాజ సేవ శిక్షగా పెట్టింది. అంటే పొలం గట్టున స్టార్టరు వైరు ఎత్తుకుపోతున్న వాణ్ని చూసినా, 40వ సెక్షన్ కింద అరెస్టు చేసే హక్కు మనకు ఉండకపోవచ్చు. నివాస గృహంలో దొంగతనం, రాత్రిపూట ఇంటికి కన్నం వేయడం వేరు. అవి నాన్‌బెయిలబుల్, అక్కడ పట్టుకోవచ్చు. ఊరకే ప్రహరీ దాటి లోపలికొచ్చిన వాడిది బెయిలబుల్ నేరమే. కాలనీ వాచ్‌మన్‌కు ఇంత చట్టం తెలుస్తుందా అని అడగవచ్చు. తెలియదు కాబట్టే, సందేహమున్నప్పుడు చెయ్యి వేయకుండా ఫోను తీయడం తెలివైన పని. పట్టుకున్నా అనవసర ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. పాత నేర ప్రక్రియా స్మృతిలో ఈ ఆరు గంటల లెక్క లేదు. తెల్లవారాక పెద్దమనుషులు వచ్చి తేలుస్తారని కరెంటు స్తంభానికి కట్టి ఉంచడం అక్రమ నిర్బంధమే. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద దానికి ఏడాది వరకు జైలు.

ఇక మధ్య క్రియ. స్తంభానికి కట్టి, నిజం చెప్పమని కొట్టడానికి న్యాయ సంహితలో ప్రత్యేకంగా 120వ సెక్షనే ఉంది. నేరం ఒప్పించడానికి, సొత్తు ఎక్కడుందో చెప్పించడానికి గాయపరిస్తే ఏడేళ్ల వరకు శిక్ష. ఇది పోలీసులకే కాదు, కాలనీ కుర్రాళ్లకూ వర్తిస్తుంది. అలా రాబట్టిన ఒప్పుకోలు కోర్టులో నిలవదు కూడా. వాడు నిజంగా దొంగే అయితే అతని లాయరుకు మనం చేతికందించిన ఆయుధం అది. ఆత్మరక్షణ హక్కు ఉంది కదా అంటారు. ఉంది. 34 నుంచి 44 వరకు సెక్షన్లు మన ఒంటినీ ఆస్తినీ, పక్కింటివారి ఒంటినీ ఆస్తినీ కూడా కాపాడుకునే హక్కిస్తాయి. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి లోపలికి వస్తున్న వాడి విషయంలో ఆ హక్కు చాలా దూరం వెళ్తుంది. కానీ అది దాడి ఆపడానికి అవసరమైనంత మేరకే. పడిపోయిన వాడిమీద, కట్టేసిన వాడిమీద పడే మొదటి దెబ్బతోనే ఆత్మరక్షణ అయిపోయి దాడి మొదలవుతుంది. అంతకన్నా బరువైనది 2023 న్యాయ సంహిత కొత్తగా తెచ్చిన 103(2). ఐదుగురు, అంతకు పైబడినవారు కలిసి కులం, భాష, పుట్టిన చోటు వంటి కారణంతో ఒకరిని చంపితే గుంపులోని ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవం. తీవ్రంగా గాయపరిస్తే 117(4) కింద ఏడేళ్ల వరకు. హిందీ మాట్లాడాడనో, ‘మన వైపు వాడు కాదు’ అనో అనుమానంతో మొదలైన దాడిలో పుట్టిన చోటు, భాష ప్రశ్నలు కోర్టులో లేవకుండా ఉండవు. గస్తీ బృందంలో సాధారణంగా ఎంతమంది ఉంటారో లెక్కపెట్టుకోండి.

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు నడిచినప్పుడు ఇబ్రహీంపట్నం కూడా అప్పట్లో ఉన్న రాచకొండ పోలీసు కమిషనరేట్ పరిధిలోనే, బీబీనగర్ ప్రాంతంలో, బంధువుల ఊరికి వచ్చిన ఒక మనిషిని జనం కొట్టి చంపారు. అదే నెలలో చాంద్రాయణగుట్టలో మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ గుంపు చేతిలో చనిపోయింది. జూలైలో కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కిలో హైదరాబాద్‌కు చెందిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు బలయ్యాడు. అతని బృందం పిల్లలకు చాక్లెట్లు పంచడమే అనుమానానికి మూలం. కొట్టిన వారిలో చాలామంది తాము ఊరిని కాపాడుతున్నామనే నమ్మి ఉంటారు, ఆ కేసుల్లో అన్నిటికన్నా భయం కలిగించేది అదే. ఆ పుకార్ల కాలంలోనే జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గ్రామానికొక పోలీసును కేటాయించి, వాట్సాప్ గ్రూపుల్లోకి వారిని చేర్పించి, డప్పులు, పాటలతో పుకార్లను తిప్పికొట్టించారు. ఆ జిల్లాలో ఒక్క ప్రాణమూ పోలేదు. పొరుగు నిఘా అంటే అది: సమాచారం ఠాణాకు చేరింది, ఠాణా నుంచి నిజం ఊరికి చేరింది. ఆ ఏడాది జూలై 17న తహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు గుంపు దాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయి నోడల్ అధికారి ఉండాలని ఆదేశించింది. పుకారు పంపినవారూ తప్పించుకోలేరు. జనంలో భయం పుట్టించి నేరానికి ఉసిగొల్పే తప్పుడు వార్తకు న్యాయ సంహిత 353వ సెక్షన్ మూడేళ్ల వరకు జైలు చూపుతుంది. ‘వీడే దొంగ, షేర్ చేయండి’ అన్న ఫొటో తప్పైతే పరువునష్టం అదనం.

అసలు ఇబ్రహీంపట్నంలో కొత్త మొహం అంటే ఎవరు? ఇంజినీరింగ్ కాలేజీల హాస్టళ్లకు వచ్చే పిల్లలు, ఆదిభట్ల కంపెనీల ఉద్యోగులు, భవనాల పనికి, ఇటుక బట్టీలకు వలస వచ్చిన కుటుంబాలు. కొత్తవాళ్లే ఊరిని నడిపిస్తున్న చోట కొత్తదనాన్ని అనుమానించడంలో అర్థం లేదు. ఇటీవలి ఏళ్లలో ఈ ప్రాంతాన్ని కుదిపేసిన నేరాలు గుర్తు చేసుకుంటే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 2022 మార్చి 1న కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్లు తుపాకీ కాల్పుల్లో చనిపోతే దర్యాప్తు భూ వివాదం వైపు నడిచింది. అదే ఏడాది డిసెంబరు 9న ఆదిభట్ల ఠాణా పరిధిలోని మన్నెగూడలో పట్టపగలు పదుల మంది ఇంట్లోకి దూరి యువతిని ఎత్తుకెళితే ప్రధాన నిందితుడు ఆ కుటుంబానికి తెలిసినవాడే. 2024 డిసెంబరు 2న రాయపోల్ దగ్గర ఒక మహిళా కానిస్టేబుల్ హత్యకు గురైతే నిందితుడు సొంత సోదరుడు. ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నీ గేటు దగ్గర ఆధార్ కార్డు అడిగి ఆపగలిగేవారు కాదు. ముందుగా వినిపించిన బెదిరింపును, ఇంటి ముందు పదేపదే తిరిగిన కారును, గట్టు మీద పెరిగిన గొడవను రాసిపెట్టి ఫిర్యాదు చేయగలిగితే ఆ గస్తీకి విలువ. బయటి ముఠాలు లేవా అంటే ఉన్నాయి, పోలీసులు హెచ్చరికలూ ఇస్తుంటారు. అయితే ఒక ముఠా పేరు విని ఒక కులాన్ని, ఒక తండాను గుర్తుపెట్టుకోవడం 1871 నాటి నేరస్త తెగల చట్టం అలవాటు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లు ఆ ఆలోచన నుంచి పుట్టినవే. 1952లో ఆ చట్టం రద్దైంది, చూపు మాత్రం మిగిలిపోయింది. ఎరుకల, లంబాడా కుటుంబాల వారిపై అలాంటి చూపుతో చెయ్యి చేసుకుంటే ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కూడా మీదికి వచ్చే ప్రమాదముంది.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు పోలీసులు వస్తారు, అందాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? గస్తీ గురించి మాట్లాడితే ముందు వచ్చే అభ్యంతరం ఇదే, ఇందులో కోపానికి కారణం లేకపోలేదు. కానీ పోలీసులు పని చేయకపోతే వారితో పని చేయించుకునే దారులను కొత్త చట్టం వెడల్పు చేసింది. నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఏ ఠాణాలోనైనా, పరిధితో నిమిత్తం లేకుండా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపి మూడు రోజుల్లో సంతకం పెట్టవచ్చు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. ఎస్‌హెచ్‌వో తిరస్కరిస్తే పై అధికారికి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటుకు వెళ్లవచ్చు. 100కు గానీ 112కు గానీ చేసిన కాల్ సమయంతో సహా నమోదవుతుంది, పోలీసులు ఆలస్యంగా వచ్చారనడానికి అదే సాక్ష్యం. పోలీసు పనిని పౌరుల చేతిలో పెట్టడం ఎందుకు ప్రమాదమో, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో మావోయిస్టులపైకి పౌరులను దించిన సల్వాజుడుం కేసులో 2011 జూలై 5 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. శిక్షణ లేని గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని తేల్చిన ధర్మాసనంలోని జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి పాత ఇబ్రహీంపట్నం తాలూకాలోని ఆకులమైలారం వారు. బస్తర్‌కు, మన వెంచర్లకు పోలిక ఏమిటని కొట్టిపారేయవచ్చు. పరిస్థితి వేరే, నిజమే. కానీ జవాబుదారీతనం లేని చేతికి బలప్రయోగం అప్పగించరాదన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

గేటు, కెమెరా సంగతి క్లుప్తంగా. లేఅవుట్ రోడ్లను మున్సిపాలిటీకి దానపత్రం చేసి అప్పగించాక అవి అందరివీ. వాటికి గేటు వేసి దారినపోయేవారిని నిలదీయడం సంఘం చేతిలో ఉన్న హక్కు కాదు. మనిషిని కదలనివ్వకుండా ఆపితే న్యాయ సంహిత 126వ సెక్షన్ ఉంది. కెమెరా వీధిని చూడవచ్చు, ఎదురింటి కిటికీలోకి చూడకూడదు. ఉమ్మడి ఇంట్లో మిగతావారి అనుమతి లేకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టడం వారి గోప్యతకు భంగమని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. ఫుటేజీని గ్రూపులో తిప్పడం కన్నా భద్రం చేయడం ముఖ్యం. ఇళ్లలోని రికార్డరు కొన్నాళ్లకు పాతదాన్ని చెరిపేస్తుంది. కోర్టుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి, కాబట్టి కెమెరా యజమాని ఎవరో, కాపీ ఎవరు తీశారో ఆ రోజే రాసిపెట్టుకోవాలి.

నిజంగానే ఒకణ్ని కళ్లెదుట నేరం చేస్తుండగా పట్టుకున్న రాత్రి చేయాల్సింది కొంచెమే. కాల్ చేసిన సమయం, పట్టుకున్న సమయం, ఏ నేరం చూశారు, ఎవరు చూశారు, ఒంటి మీద అప్పటికే ఉన్న గాయాలేమిటి అన్నవి ఒక కాగితం మీద రాసి, అప్పగించినట్టు పోలీసు సంతకం తీసుకోవాలి. సాక్షులుగా పేరిస్తే స్టేషను చుట్టూ తిప్పుతారని చాలా ఇళ్లలో ఆడవాళ్లను నోరు విప్పనివ్వరు. కానీ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం మహిళలను, అరవై దాటినవారిని, పదిహేనేళ్ల లోపు పిల్లలను, వికలాంగులను విచారణకు స్టేషనుకు రమ్మనకూడదు. మేడ మీద నుంచి చూసిన పెద్దావిడ చెప్పేది వినాలంటే పోలీసులే ఆమె గడపకు రావాలి.