101కు వచ్చే మామూలు కాల్ – ఫైర్‌మన్‌కు పొంచి ఉన్న ముప్పు



ఏప్రిల్ 14 అనగానే మన హాస్టళ్లలో అంబేద్కర్ జయంతి గుర్తుకు వస్తుంది. పూలమాలలు వేస్తాం, వ్యాసరచన పోటీలు పెట్టుకుంటాం. అదే రోజు ఫైర్ స్టేషన్లలో కూడా సిబ్బంది వరుసలో నిలబడి మౌనం పాటిస్తారు. దానికి కారణం 1944 ఏప్రిల్ 14న జరిగిన ఘోరం. ఆ రోజు బొంబాయి విక్టోరియా డాక్‌లో ఉన్న ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో మంటలు లేచాయి. అందులో పత్తి బేళ్లతోపాటు సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి ఉంది. ఆర్పుతుండగానే ఓడ పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థమే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతారు.

అయితే ఓడలు రోజూ పేలవు. ఫైర్ స్టేషన్‌కు రోజూ వచ్చే కాల్స్ వేరు. వంటింట్లో గ్యాస్ లీకు, షార్ట్ సర్క్యూట్, గడ్డివాముకు నిప్పు, బావిలో పడ్డ మనిషో పశువో, రోడ్డు ప్రమాదం. వినడానికి చిన్నవే. కానీ ముప్పంతా ఇక్కడే ఉంది. పెద్ద ప్రమాదమని తెలిస్తే అందరూ జాగ్రత్తపడతారు. చిన్నదే కదా అనుకున్నప్పుడు లోపల ఏముందో అడిగేవారూ ఉండరు, చెప్పేవారూ ఉండరు. ఆ కంటికి కనబడనిదే ఫైర్‌మన్ ప్రాణం మీదికి తెస్తుంది. అది ఏమిటో తెలిసినవారు ఆ ఇంటివాళ్లు, ఆ ఊరివాళ్లు. అంటే మనమే. అందుకే ఈ పాఠం ఉద్యోగం కోరేవారికి మాత్రమే కాదు, అందరికీ అవసరం.

1. గ్యాస్ సిలిండర్

ఇంట్లో వాడే సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. హాస్టళ్లు, హోటళ్లలో వాడే పెద్ద సిలిండర్‌లో 19 కిలోలు. లోపల అది ద్రవరూపంలో ఉంటుంది. ఒక లీటరు ద్రవం బయటికి వస్తే సుమారు 250 లీటర్ల వాయువు అవుతుంది. ఈ వాయువు గాలికంటే బరువు. పైకి పోకుండా నేల మీద పాకుతూ మంచాల కిందికి, మురుగు కాలువల్లోకి చేరుతుంది. గాలిలో సుమారు 2 నుంచి 9 శాతం మధ్య కలిసి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. లైటు స్విచ్ వేసినా, ఫ్రిజ్ దానంతటది ఆన్ అయినా ఆ రవ్వ పుడుతుంది. గ్యాస్‌కు స్వతహాగా వాసన ఉండదు. లీకయితే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు.

సిలిండర్ మూతి దగ్గర మంట కనిపించగానే "నీళ్లు కొట్టి ఆర్పరేం?" అని జనం సిబ్బంది మీద కేకలేస్తారు. గ్యాస్ రావడం ఆగకుండా మంట మాత్రమే ఆర్పితే ఆ గ్యాస్ గదంతా నిండి ఒక్కసారిగా పేలుతుంది. అందుకే సిబ్బంది ముందు సిలిండర్ ఒంటిని నీళ్లతో చల్లబరుస్తారు, తరువాత వాల్వు మూసే ప్రయత్నం చేస్తారు. వేడెక్కిన సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది, బయటి ఇనుము మెత్తబడుతుంది. అది ఎప్పుడు పగులుతుందో చూసి చెప్పలేం.

2017 జూలైలో చెన్నై కొడుంగైయూర్‌లో ఒక బేకరీలో రాత్రిపూట నిప్పు అంటుకుంది. మూసి ఉన్న చిన్న దుకాణం. మంటలు ఆర్పడానికి వచ్చిన సమయంలో లోపలి సిలిండర్ పేలింది. ఒక ఫైర్‌మన్ మరణించారు. చూడటానికి పోగైన జనంలో కూడా చాలామంది గాయపడ్డారు.

2. కరెంటు

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చేది సాధారణంగా 11,000 వోల్టులు. మామూలు నీళ్లలో లవణాలు ఉంటాయి కనుక వాటిగుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. నీళ్ల పైపు పట్టుకొని తడి నేల మీద నిలబడ్డ మనిషికి అంతకుమించిన ప్రమాదం ఏముంటుంది?

మెయిన్ స్విచ్ ఆపితే సరిపోతుందని అనుకుంటాం. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంది. మెయిన్ ఆపగానే అది తనంతట తాను పనిలోకి వస్తుంది. మిద్దె మీద సోలార్ పలకలు ఉంటే ఎండ ఉన్నంతసేపూ వాటి తీగల్లో కరెంటు ఉంటుంది. ఇవి ఉన్నాయని ముందే చెప్పాలి.

తెగిపడిన తీగ ఇంకో రకం ఉచ్చు. తీగను తాకకపోయినా, దాని చుట్టూ నేలలో వోల్టేజి వ్యాపించి ఉంటుంది. పెద్ద అంగలు వేస్తే రెండు పాదాల మధ్య వోల్టేజి తేడా ఏర్పడి కరెంటు కాళ్లగుండా పోతుంది. అందుకే రెండు పాదాలూ దగ్గరగా ఉంచి, నేల మీద నుంచి ఎత్తకుండా జరుపుకుంటూ బయటికి రావాలి.

3. గడ్డివాము, పూరిల్లు, పొలం

వేసవిలో పల్లెల నుంచి ఎక్కువగా వచ్చే కాల్స్ ఇవే. గడ్డివాము పైన మంట ఆరినట్టే కనబడుతుంది, లోపల మాత్రం నిప్పు కుములుతూనే ఉంటుంది. నీళ్లు పైపైనే జారిపోతాయి. వామును విప్పి చెదరగొట్టక తప్పదు. విప్పిన చోట గాలి తగిలి భగ్గుమంటుంది. లోపల కాలి గుల్ల అయిన చోట కాలు పెడితే మనిషి నిప్పుల్లోకి దిగబడిపోతాడు. పత్తి బేళ్లలో కూడా నిప్పు ఇలాగే దాగి ఉంటుంది.

పూరింటి మూలన రైతు దాచుకున్న పురుగుమందు డబ్బాలు ఉంటాయి. అవి కాలిన పొగ విషం. ఇంటిపైన సిమెంటు రేకులు ఉంటే వేడికి పేలి ముక్కలు ఎగురుతాయి, వాటి మీద కాలు పెడితే విరిగి లోపలికి పడిపోతారు. అడవిపందుల కోసం కొందరు చేను చుట్టూ తీగ కట్టి దొంగచాటుగా కరెంటు పెడతారు. చీకట్లో పైపు లాక్కుంటూ పరిగెత్తే ఫైర్‌మన్‌కు ఆ తీగ కనబడదు. కేసు అవుతుందని భయపడి తీగ సంగతి దాచిపెడితే అది ఒక ప్రాణాన్ని తీసినట్టే.

4. పొగ, పాతగోడలు, కొత్త బ్యాటరీలు

గది కాలుతున్నప్పుడు మంటకంటే పొగే ఎక్కువమందిని చంపుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా కలుస్తుంది. ఫోమ్ పరుపులు, సోఫాలు కాలితే హైడ్రోజన్ సయనైడ్ కూడా వస్తుంది. గది పైకప్పు దగ్గర వేడి 500–600 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే గదిలోని సామానంతా ఒక్కసారిగా అంటుకుంటుంది. దీన్నే ఫ్లాష్ ఓవర్ అంటారు.

2015 మే 9న ముంబై కల్బాదేవిలో ఒక పాత నివాస భవనంలో మంటలు లేచాయి. ఆర్పుతుండగా భవనం కూలింది. నలుగురు అగ్నిమాపక అధికారులను ఆ ప్రమాదం బలి తీసుకుంది. పాత మిద్దెలో దూలాలు కాలడం ఒక ముప్పు. గోడలు, సామాన్లు పీల్చుకున్న నీళ్ల బరువు ఇంకో ముప్పు.

కొత్త వస్తువులతో కొత్త ప్రమాదం కూడా వచ్చింది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి వ్యాపించి 8 మంది మరణించారు. లిథియం బ్యాటరీ ఒక్కసారి వేడెక్కడం మొదలైతే లోపలి రసాయన చర్యే మరింత వేడిని పుట్టిస్తుంది. ఆరిందనుకున్న బ్యాటరీ గంటల తరువాత కూడా మళ్లీ అంటుకోవచ్చు.

5. బావి, సెప్టిక్ ట్యాంక్

ఇది మన ఇళ్లకు అన్నిటికంటే దగ్గరి విషయం. బావి పూడిక తీయడానికైనా, సెప్టిక్ ట్యాంక్‌లోకైనా దిగేది ఎక్కువగా మన తల్లిదండ్రులవంటి కూలీలే.

గాలిలో ఆక్సిజన్ సుమారు 21 శాతం ఉంటుంది. 10 శాతం కంటే తగ్గితే మనిషి స్పృహ తప్పుతాడు. 6 శాతం వద్ద నిమిషాల్లో ప్రాణం పోతుంది. పాడుబడిన బావి అడుగున కార్బన్ డయాక్సైడ్ పేరుకొని ఉండవచ్చు. సెప్టిక్ ట్యాంక్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. కానీ మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది. అప్పుడు వాసన పోయిందని సంతోషపడేవాడు చావుకు దగ్గరలో ఉన్నట్టు.

పెద్దలు దీపం దించి చూసేవారు. దీపం ఆరితే ఆక్సిజన్ లేదని అర్థం. మంచి ఉపాయమే, కానీ చాలదు. దీపం వెలుగుతున్నా హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండవచ్చు. మీథేన్ ఉంటే దీపమే పేలుడుకు కారణం అవుతుంది. అందుకే సెప్టిక్ ట్యాంక్‌లోకి నిప్పు చూపించకూడదు. పరీక్షించడానికి గ్యాస్ డిటెక్టర్ కావాలి.

ఒకరు పడిపోతే అన్నను కాపాడాలని తమ్ముడు, తమ్ముణ్ణి కాపాడాలని పక్కింటాయన దిగుతారు. ఇలాంటి మూసి ఉన్న చోట్ల మరణించినవారిలో 60 శాతానికి పైగా కాపాడటానికి వెళ్లినవారేనని అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లో ప్రకటించింది. విషవాయువు లేకపోయినా బావి బావే. 2025 అక్టోబరులో కేరళలోని కొల్లం జిల్లాలో బావిలో ఉన్న మహిళను పైకి తీస్తుండగా గట్టు కూలి ఒక ఫైర్‌మన్‌తో సహా ముగ్గురు మరణించారు. గట్టు చుట్టూ జనం గుమిగూడితే వారి బరువు కూడా ప్రమాదమే.

ఇంకొక మాట. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు కాలువల్లోకి దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. ఇలా మరణించినవారి కుటుంబాలకు ఇవ్వవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. ఈ సంగతి మన బస్తీల్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. మనిషిని దించకపోతే, వాణ్ణి తీయడానికి ఫైర్‌మన్ దిగవలసిన పనే ఉండదు.

6. వీపు మీద గాలి – ఒక చిన్న లెక్క

పొగలోకి వెళ్లే ఫైర్‌మన్ వీపున గాలి సిలిండర్ తగిలించుకుంటాడు. బాయిల్ నియమం మనం చదివిందే. 6 లీటర్ల సిలిండర్‌లో 300 బార్ ఒత్తిడితో గాలి నింపితే, 6 × 300 = సుమారు 1,800 లీటర్ల గాలి. చివరి 50 బార్, అంటే 300 లీటర్లు, బయటికి రావడానికి ఉంచుకోవాలి. మిగిలింది 1,500 లీటర్లు. కష్టపడి పనిచేసేటప్పుడు నిమిషానికి 50 లీటర్లు పీలిస్తే 30 నిమిషాలు. ఈ అరగంటలోనే మెట్లు ఎక్కాలి, గది వెతకాలి, మనిషిని మోయాలి, తిరిగి రావాలి. లోపల ఎవరూ లేకపోయినా "ఉన్నారేమో" అని అరిస్తే ఆ గాలి వృథా. ఉన్నవారు ఏ గదిలో ఉన్నారో చెప్పగలిగితే ఆ గాలే ఒక ప్రాణం.

మంట ఆరినా ముప్పు పూర్తిగా పోదు. 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో అక్కడి ఫైర్‌మన్ల విధి నిర్వహణ మరణాల్లో సుమారు 45 శాతం గుండె జబ్బు వల్లనే అని తేలింది. వేడి, బరువు, ఉద్వేగం మూడూ గుండె మీద పడతాయి. 2022లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మసి అంటిన దుస్తులను వెంటనే మార్చుకొని స్నానం చేయడం కూడా రక్షణలో భాగమే.

మనం చేయవలసినవి

1. 101 లేదా 112కు ఫోన్ చేసి ఊరు, వీధి, గుర్తు స్పష్టంగా చెప్పాలి. ఒకరు రోడ్డు మీదికి వెళ్లి ఫైరింజన్‌కు దారి చూపాలి.
2. లోపల ఎందరు ఉన్నారు, ఏ గదిలో ఉన్నారు, సిలిండర్లు ఎన్ని, పెట్రోలు, పురుగుమందు, బ్యాటరీలు, ఇన్వర్టర్ ఉన్నాయా అన్నది దాచకుండా చెప్పాలి.
3. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టి తలుపులు తెరిచి బయటికి రావాలి. బయటినుంచి 1906కు ఫోన్ చేయాలి. లీకును సబ్బు నురగతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు.
4. తీగ తెగితే 1912కు, లైన్‌మన్‌కు చెప్పాలి. కరెంటు ఆపారని రూఢి అయ్యేదాకా దగ్గరికి పోకూడదు.
5. బావిలో, ట్యాంక్‌లో పడినవారి వెంట దిగకూడదు. తాడు వేయాలి, ఫోన్ చేయాలి.
6. రోడ్డు ప్రమాదం దగ్గర వెనుకనుంచి వచ్చే బండ్లకు దూరం నుంచే సైగ చేయాలి. లేకపోతే సాయానికి వచ్చినవారినే ఇంకో లారీ గుద్దుతుంది.
7. సెల్‌ఫోన్‌లో వీడియో తీయడానికి గుమిగూడకూడదు. వంద అడుగులు వెనక్కి జరిగితే అదే పెద్ద సాయం.

మన హాస్టల్ వరకు ఈ వారమే చేయగల పని ఒకటుంది. వంటశాలలో సిలిండర్లు ఎన్ని, మెయిన్ స్విచ్ ఎక్కడ, వెనుక తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్న మూడు సంగతులు ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర అంటించాలి. వార్డెన్ గారిని అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు. రాత్రి రెండు గంటలకు ఫైరింజన్ దిగిన మనిషి మొదట అడిగేది ఆ మూడే.

ఈ ఉద్యోగం మీద ఆసక్తి ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంటర్ చదువుతున్నప్పటి నుంచే పరుగు, ఈత అలవాటు చేసుకోండి. తెలంగాణలో 2022లో వచ్చిన పోలీసు నియామక ప్రకటనలో ఫైర్‌మన్ పోస్టులు కూడా ఉన్నాయి. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం శ్రద్ధగా చదవండి. పరీక్షలో అవి మార్కులు తెస్తాయి, మంట దగ్గర పక్కవాడి ప్రాణం నిలుపుతాయి.