ఎవరికి ఓటు వేయుదుము? – ఎటూ తేల్చుకొనలేని పెద్దవారి కొరకు ఒక పాఠము

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 15:1–12, 17:27–29, 19:31–39, నిర్గమకాండము 18:13–26, మార్కు 6:21–28.



2024వ సంవత్సరము మే 13వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకును లోక్‌సభకును ఒకే దినమున ఓట్లు వేసితిమి. దానికి ముందు వారము మేము గృహదర్శనమునకు వెళ్లినప్పుడు, సంఘములోని ఒక మామ్మగారు మమ్మును వసారాలో కూర్చుండబెట్టి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా ఇట్లు చెప్పిరి:

“అయ్యగారూ, రాత్రి ఒకతను వచ్చి రెండు ఐదు వందల నోట్లు చేతిలో పెట్టాడండి. బైబిలు మీద చెయ్యి వేసి మా గుర్తుకే వేస్తానని చెప్పమన్నాడు. భయమేసి చెప్పేశాను. అవతలాయన మంచివాడని ఊళ్లో అంటున్నారు. మా పెద్దాడు ఒకటి చెబుతాడు, చిన్నాడు ఇంకొకటి చెబుతాడు. ఏ మీట నొక్కాలో తెలియక నిద్ర పట్టటం లేదండి.”

మేము ఆ దినమున ఆమెకు తగిన జవాబు చెప్పలేదు. ప్రార్థన చేసికొనండమ్మా అని చెప్పి లేచి వచ్చితిమి. ఇల్లు చేరిన తరువాత మాకును నిద్ర పట్టలేదు. చేనిలో ఏ విత్తనము వేయవలెనో అడుగ వచ్చిన రైతును ప్రార్థించుమని మాత్రమే చెప్పి పంపుదుమా? మరునాడు బైబిలు తీసికొని మరల ఆమె యింటికి వెళ్లితిమి. ఆ దినమున ఆమెతో కూర్చుండి చదివిన సంగతులనే ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము. ఏ పార్టీ పేరుగాని, ఏ అభ్యర్థి పేరుగాని ఇందులో లేదు, ఉండకూడదు కూడ.

1. గుమ్మము నొద్ద నిలిచిన అబ్షాలోము

దావీదు దినములలో ఓట్లు లేవు. అయినను జనుల మనస్సులను సంపాదించుటకు తిరిగిన ఒక మనుష్యుని సంగతి అక్కడ వ్రాయబడియున్నది. అబ్షాలోము రథమును గుఱ్ఱములను సంపాదించుకొని, తన యెదుట పరుగెత్తుటకు ఏబదిమందిని పెట్టుకొనెను. వేకువనే లేచి గుమ్మపు దారిలో నిలిచి, వ్యాజ్యెము కలిగి వచ్చు ప్రతివానిని ఏ ఊరివాడవని పలుకరించుచుండెను. నీ మాట న్యాయమే గాని దానిని వినువాడు లేడనుచుండెను. తనకే అధికారమున్న యెడల అందరికిని న్యాయము చేసియుందునని చెప్పుచుండెను. దండము పెట్ట వచ్చినవాని చేయి పట్టుకొని ముద్దు పెట్టుకొనుచుండెను.

ఇది మూడు వేల యేండ్ల నాటి సంగతియైనను, మన ఊరి రచ్చబండ దగ్గర నిన్న జరిగినట్లే యున్నది గదా! ఇప్పుడు రథమునకు బదులు కార్ల వరుస. ఏబదిమందికి బదులు మోటారు సైకిళ్ల గుంపు. పలుకరింపు మంచిదే. ముసలివారి చేయి పట్టుకొనుట తప్పు కాదు. కాని ఆ గుమ్మము నొద్ద అబ్షాలోము ఒక్క వ్యాజ్యెమునైనను తీర్చినట్లు వ్రాయబడలేదు. పలుకరింపు వేరు, పని వేరు. మన యింటికి వచ్చి “మామ్మా, బాగున్నావా?” అని అడిగినవాడు గడచిన అయిదు సంవత్సరములలో ఎన్నిసార్లు అడిగెనో జ్ఞాపకము చేసికొనవలెను.

అదే అధ్యాయములో, యెరూషలేమునుండి రెండు వందలమంది పిలువబడి అబ్షాలోముతో వెళ్లిరి. వారిలో కపటము లేదు, సంగతియు తెలియదు. అయినను ఒక తిరుగుబాటులో లెక్కకు వచ్చిరి. ట్రాక్టరు మీద ఎక్కించుకొని పోయినప్పుడు, ఎక్కడికో ఎందుకో అడుగక కూర్చున్న మనవారిని వారు జ్ఞాపకము చేయుచున్నారు. మంచి మనస్సు ఒక్కటే చాలదు. తెలిసికొనుట కూడ కావలెను.

2. ఎనుబది యేండ్ల బర్జిల్లయి

ఆ రెండు వందలమందికి ఎదురుగా ఒక ముసలివానిని చూడుడి. దావీదు పారిపోయి యొర్దాను దాటి మహనయీమునకు వచ్చినప్పుడు, రోగెలీము వాడైన బర్జిల్లయియు మరి యిద్దరును పరుపులు, కుండలు, గోధుమలు, యవలు, చిక్కుడు గింజలు, తేనె, వెన్న, గొఱ్ఱెలు తీసికొని వచ్చి అలసిన జనులకు పెట్టిరి. అప్పటికి బర్జిల్లయి వయస్సు ఎనుబది. ఏ పక్షము గెలుచునో ఇంకను తేలలేదు.

ఇతనియందు మూడు సంగతులు గమనింపుడి. మొదటిది, నా కాలము అయిపోయినది, ఎవరు వచ్చిన నాకేమి అని ఇతడు అనలేదు. రెండవది, తన బలహీనతను దాచుకొనలేదు. రుచి తెలియదనియు, పాటలు వినబడవనియు రాజుతోనే చెప్పెను. చెవి మందగించినది గాని వివేకము మందగింపలేదు. మూడవది, రాజు తిరిగి వచ్చినప్పుడు, యెరూషలేములో నా యొద్ద నుండి భోజనము చేయుమని పిలిచెను. తాను చేసిన కొంచెము పనికి అంత బహుమానమెందుకని బర్జిల్లయి తప్పుకొనెను. తనకు బదులు కింహామును పంపి, తాను తన ఊరికే తిరిగి పోయెను. నిర్ణయము తానే చేసెను, దానిని అమ్ముకొనలేదు.

“చదువు రాని ముసలిదాన్ని, నాకేం తెలుస్తుందండీ” అని మామ్మగారు అనిరి. చదువు రానివారి కొరకే మన దేశములో గుర్తులు పుట్టినవి. 1951–52 లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించిరి. ఆ ఎన్నికలకు జాబితా వ్రాసినప్పుడు, తమ పేరు చెప్పక ఫలానివాని భార్యననియు ఫలానివాని తల్లిననియు చెప్పుకొన్న స్త్రీలు ఎందరో యుండిరి. అట్టి దాదాపు 28 లక్షల పేర్లు జాబితాలో నిలువలేదు. ఆనాడు అంతమంది తల్లులకు దొరకనిది నేడు మనకు దొరికినది. కొడుకు చెప్పిన గుర్తు మీద కన్ను మూసికొని నొక్కిన యెడల, మన పేరు జాబితాలో నున్నను లేనట్లే.

3. నాలుగు తూకపు రాళ్లు

ఎటూ తేల్చుకొనలేకపోవుట పాపము కాదు. తక్కెడ ఊగుచున్నదనగా తూచుట మొదలైనదని అర్థము. అయితే రాళ్లు సరియైనవిగా ఉండవలెను. మోషే మామయైన యిత్రో నాయకులను ఎంచుకొనుటకు నాలుగు గుణములు చెప్పెను.

సామర్థ్యము: అతనికి చేత నగునా? ఇదివరకు అధికారములో నున్నవాడైతే చెరువు, రోడ్డు, బడి, ఆసుపత్రి విషయములో ఏమి చేసెను? కొత్తవాడైతే తన ఊరిలో అతని పేరెట్టిది? ఎమ్మెల్యే పని రాష్ట్రమునకు, ఎం.పి. పని దేశమునకు సంబంధించినది. రెండు ఓట్లును ఒకే గుర్తుకు వేయవలెనను నియమము లేదు, దేనికది తూచుకొనవచ్చును.

దైవభయము: ఇది మన మతమువాడా అను ప్రశ్న కాదు. ఈ సలహా చెప్పిన యిత్రోయే మిద్యాను యాజకుడు, బయటివాడు. ఎవరును చూడనప్పుడు తప్పు చేయుటకు జంకునా, బలహీనుని యెడల ఎట్లు నడుచుకొనును అనునదే ప్రశ్న. మనవాడు, మన కులమువాడు అను రాయి తక్కెడలో వేసిన యెడల తూకము చెడును.

సత్యము: పోయినసారి చెప్పినదేమి, చేసినదేమి? ప్రతి అభ్యర్థియు తన మీద నున్న కేసులను, ఆస్తిని, అప్పులను, చదువును అఫిడవిట్‌లో ప్రమాణపూర్వకముగా తెలుపవలెను. ఇది 2002, 2003 సంవత్సరములలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వలన వచ్చినది. నేరపు కేసులున్నవారు వాటిని వార్తాపత్రికలలోను టి.వి.లోను ప్రకటింపవలెనని 2018లో మరియొక తీర్పు వచ్చినది. మనుమడో మనుమరాలో ఫోనులో చూచి చదివి వినిపింపగలరు. కేసు ఉన్నంత మాత్రమున నేరము రుజువైనట్లు కాదు. ఎట్టి కేసు, ఏల వచ్చెను అని విచారింపవలెను.

లంచమును అసహ్యించుకొనుట: నోటు ఇచ్చి ఓటు అడుగువాడు ఈ నాలుగవ రాయికి ముందే తేలిపోయెను. పెట్టినదానిని ఎక్కడనో రాబట్టుకొనకుండ ఉండునా?

నాలుగింటిలోను నిండుగా తూగువాడు దొరకకపోవచ్చును. ఉన్నవారిలో ఎక్కువ తూగువానిని చూచుకొనవలెను. ఎవరును తగరని మనస్సాక్షి చెప్పిన యెడల 2013 నుండి నోటా మీట ఉన్నది. అయితే శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో నోటాకు ఎన్ని ఓట్లు వచ్చినను, అభ్యర్థులలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుచునని తెలిసి నొక్కవలెను.

4. ప్రమాణము సంగతి

ఇక మామ్మగారి నిద్ర చెరిపిన ప్రశ్నకు వత్తము. బైబిలు మీద చేయి వేసి మాట ఇచ్చితిని. తప్పిన యెడల దేవునికి విరోధమగునా?

హేరోదును జ్ఞాపకము చేసికొనుడి. విందులో ఒక చిన్నది ఆడగా సంతోషించి, ఏమి అడిగినను ఇచ్చెదనని ఒట్టు పెట్టుకొనెను. ఆమె యోహాను తల అడిగినప్పుడు దుఃఖపడెను. అయినను ఒట్టు నిమిత్తమును, కూర్చున్నవారి నిమిత్తమును మాట నిలువబెట్టుకొని, నీతిమంతుని చంపించెను. అతడు మాట తప్పని మనుష్యుడని ఎవరైన మెచ్చుకొందురా? చెడ్డ ఒట్టు పెట్టుకొనుట ఒక తప్పు; దానిని నెరవేర్చుట రెండవ తప్పు. ఆలోచింపక పెట్టుకొన్న ఒట్టును ఒప్పుకొని క్షమాపణ వేడుకొనవలెనని లేవీయకాండము అయిదవ అధ్యాయము నేర్పుచున్నది. భయపెట్టి చేయించిన ప్రమాణము కంటె, దేశము మన చేతికి అప్పగించిన బాధ్యత పెద్దది.

“ఉప్పు తిన్నాం గదా” అని కొందరందురు. లెక్క వేసి చూడుడి. అయిదు సంవత్సరములకు 1,800 దినములకు పైగా ఉన్నవి. వెయ్యి రూపాయలు పంచిన యెడల దినమునకు అరవై పైసలైనను కాదు. ఆ ఉప్పుతో ఏ కూర వండుదుము? మరియు చట్టము ప్రకారము ఓటు కొరకు సొమ్ము ఇచ్చువాడును పుచ్చుకొనువాడును నేరస్థులే. ఒక సంవత్సరము వరకు జైలు శిక్ష ఉన్నది. కనుక పుచ్చుకొనకుండుటయే మేలు. పుచ్చుకొనినవారు తిరిగి ఇచ్చివేయవలెను. ఖర్చుపెట్టుకొన్నవారు తప్పు ఒప్పుకొనవలెను గాని, ఓటు అమ్ముడుపోయినదని తలంచి ఆ గుర్తుకే నొక్కనక్కరలేదు. దొంగ బేరములో బాకీ లేదు.

5. మీట నొక్కు దినమున

“ఎవరికేశానో తెలిస్తే పింఛను ఆపేస్తారేమోనండి” అని ఆమె మరియొక భయము చెప్పిరి. పింఛను ఎవరి జేబు సొమ్మును కాదు. అది ప్రజల సొమ్ము. ఓటు రహస్యము. ఎవరికి వేసితివో చెప్పుమని న్యాయస్థానములో సాక్షిని కూడ బలవంతపెట్టరాదని 1951 నాటి చట్టములోనే ఉన్నది. తెరచాటున మీరును యంత్రమును తప్ప ఎవరును ఉండరు. శాసనసభ కాగితము గులాబి రంగు, లోక్‌సభ కాగితము తెలుపు. మీట నొక్కిన తరువాత ప్రక్క పెట్టె అద్దములో మీరు వేసిన గుర్తు గల చీటీ ఏడు సెకనులు కనబడును. తొందరపడక చూచుకొనుడి.

కన్ను కనబడనివారును, తామే మీట నొక్కలేనంత బలహీనులును 18 ఏండ్లు నిండిన ఒకరిని తోడు తీసికొని పోవచ్చును. ఒకడు ఒకే దినమున ఒక్కరికి మాత్రమే తోడు రాగలడు. ఆ ఓటు రహస్యము కాపాడెదనని వ్రాసి ఇయ్యవలెను. 2024 ఎన్నికలలో 85 ఏండ్లు దాటినవారు 12డి ఫారం పెట్టుకొని ఇంటియొద్దనే ఓటు వేసిరి. ఇట్టి ఏర్పాట్లను గూర్చి 1950 నంబరుకు ఫోను చేసి ముందుగా అడుగవచ్చును.

6. సహాయము చేయువారికి ఒక మాట

యౌవనస్థులారా, మీ తాతగారికి, నాయనమ్మకు, అమ్మమ్మకు మీ గుర్తును నేర్పవద్దు. పోటీ చేయుచున్న వారందరి సంగతులను ఒకే స్వరముతో చదివి వినిపించుడి. వారి ప్రశ్నలకు జవాబు చెప్పి, తరువాత ఊరకుండుడి. తోడు వెళ్లిన యెడల వారి వ్రేలు మీ వ్రేలు కాదని జ్ఞాపకముంచుకొనుడి.

సంఘపు పెద్దలారా, పరిచారకులారా, మందిరములో అభ్యర్థిని నిలువబెట్టి ఓటు అడుగనియ్యకుడి. మత సంస్థలను రాజకీయ పనులకు వాడరాదని 1988 నాటి చట్టము చెప్పుచున్నది. మతము, కులము పేరట ఓటు అడుగుట అవినీతి చర్య యని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పినది. ఇది చట్టపు మాట. చట్టము లేకపోయినను, మందను ఒక గుర్తుకు కట్టగట్టి అప్పగించు కాపరి అబ్షాలోము వెంట రెండు వందలమందిని పంపినవాడగును.

కూటములలో చర్చించుటకు

1. అబ్షాలోము పలుకరింపులో మంచి ఏమి, మోసమేమి?
2. బర్జిల్లయి బహుమానము ఎందుకు కాదనెను?
3. యిత్రో చెప్పిన నాలుగు గుణములలో మనము ఎక్కువగా మరచునది ఏది?
4. మన సంఘములో ఎవరైన పెద్దవారు భయముతో నున్నారా? వారి యొద్ద ఎవరు కూర్చుండగలరు?

ఆ మామ్మగారి నోట్లు దిండు క్రింద మడత విప్పకుండ ఉన్నవి. అదే సాయంత్రము పెద్ద కుమారుని వెంటబెట్టుకొని వెళ్లి, ఇచ్చినవానికే తిరిగి ఇచ్చివేసిరి. ఓట్ల దినమున ఆమె ఉదయముననే వరుసలో నిలిచియుండగా చూచితిమి. సిరా గుర్తు పెట్టిన వ్రేలు చూపి నవ్విరి. ఆమె ఏ మీట నొక్కినదో మేము అడుగలేదు, ఆమె చెప్పలేదు. “రాత్రి నిద్ర పట్టిందండి అయ్యగారూ” అని మాత్రము అనిరి. మన పెద్దలందరికిని అట్టి నిద్ర దయచేయబడును గాక.