ఇద్దరు తల్లుల ఇంట్లో పెరిగిన భారతీయ దత్తత పిల్లల హక్కులు: తరచూ అడిగే ప్రశ్నలు

భారతదేశంలో పుట్టి, దత్తతపై అమెరికా చేరి, తమ జాతికి చెందని ఇద్దరు తల్లుల దగ్గర పెరిగినవారు, వారికి తోడు నిలిచే తెలుగువారు అడిగే ప్రశ్నలివి. ఇందులో ‘దత్తత తల్లి’ అంటే భారతదేశంలో జారీ అయిన ఉత్తర్వులో పేరున్న తల్లి. ‘సహతల్లి’ అంటే ఆమె జీవిత భాగస్వామి. అమెరికాలో దత్తత చట్టం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది కనుక, ఏ దరఖాస్తుకైనా ముందు ఆ రాష్ట్ర న్యాయవాదిని సంప్రదించాలి.

1. భారతదేశపు పత్రాల్లో ఒక్క తల్లి పేరే ఎందుకుంది?

భారత నిబంధనలు స్వలింగ జంటకు ఉమ్మడి దత్తతను అనుమతించవు. ఒంటరి మహిళ మాత్రం ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా దత్తత తీసుకోవచ్చు. 2023 అక్టోబరు 17న, స్వలింగ వివాహాలపై దాఖలైన సుప్రియో కేసులో భారత సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో ఈ నిబంధనను కొట్టివేయడానికి నిరాకరించింది. ఒక్క పేరే ఉన్నంత మాత్రాన దత్తత చెల్లకుండా పోదు. దరఖాస్తులో దత్తత తల్లి ఏం ప్రకటించారన్నది వేరే విషయం. దానిపై న్యాయవాదితో విడిగా మాట్లాడాలి.

2. మా దగ్గరున్న పాత కోర్టు కాగితం దత్తత ఉత్తర్వేనా?

చదివి చూడనిదే చెప్పలేం. పాత రోజుల్లో విదేశీయులకు సాధారణంగా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకత్వం మాత్రమే ఇచ్చేవారు. అలాంటప్పుడు దత్తత అమెరికా కోర్టులో పూర్తి కావాలి. ఆ దత్తత ఉత్తర్వు ఇంట్లో దొరక్కపోతే, జారీ చేసిన కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి.

3. అమెరికా పౌరసత్వం దానంతటదే వస్తుందా?

బాలల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరి 27న అమల్లోకి వచ్చింది. 18 ఏళ్లు నిండకముందే ఈ షరతులన్నీ నెరవేరి ఉంటే పౌరసత్వం దానంతటదే వస్తుంది: తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు అమెరికా పౌరులై ఉండటం, పూర్తయిన దత్తత, శాశ్వత నివాసిగా ప్రవేశం, ఆ పౌర తల్లి సంరక్షణలో అమెరికాలో నివాసం. చట్టం అమల్లోకి వచ్చిన నాటికే 18 నిండినవారికి ఇది వర్తించదు.

ధ్రువపత్రానికి ఎన్-600 దరఖాస్తు పెట్టాలి. 18 దాటాక కూడా పెట్టవచ్చు, గడువు లేదు. పౌరసత్వంపై సందేహం ఉన్నంతవరకు ఓటరుగా నమోదు కావద్దు, ఏ ఫారంలోనూ పౌరులమని సంతకం చేయవద్దు. తెలియక చేసిన సంతకమైనా దేశం నుంచి పంపించివేసే చర్యలకు దారితీయవచ్చు.

4. తల్లులిద్దరూ పెళ్లి చేసుకున్నారు. సహతల్లికి అది చాలదా?

చాలదు. అమెరికా సుప్రీంకోర్టు 2015లో ఇచ్చిన తీర్పుతో స్వలింగ వివాహం అమెరికా అంతటా చట్టబద్ధమైంది. కానీ అప్పటికే దత్తత తల్లి పేరున ఉన్న బిడ్డకు ఆమె జీవిత భాగస్వామి కేవలం పెళ్లి వల్ల చట్టబద్ధమైన తల్లి కాదు. సహతల్లి పేరున విడిగా కోర్టు దత్తత ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు విలువ చిన్నది కాదు. జార్జియా కోర్టు ఒక సహతల్లికిచ్చిన దత్తత ఉత్తర్వును అలబామా గుర్తించి తీరాలని అమెరికా సుప్రీంకోర్టు 2016 మార్చి 7న చెప్పింది. వివాహ ధ్రువపత్రం ఎంత భద్రంగా దాచుకున్నా ఈ రక్షణ ఇవ్వదు.

5. నాకు 18 దాటాయి. ఇప్పుడు సహతల్లి నన్ను దత్తత తీసుకోవచ్చా?

చాలా రాష్ట్రాల్లో మేజర్ దత్తతకు వీలుంది. అయితే ఆ ఉత్తర్వు వల్ల దత్తత తల్లితో చట్టబంధం తెగిపోకుండా పిటిషన్‌లోనే స్పష్టంగా రాయించాలి. మేజర్ దత్తత వారసత్వానికి పనికొస్తుంది, పౌరసత్వానికి పనికిరాదు. ఉత్తర్వు వచ్చేదాకా సహతల్లి వీలునామా రాసి ఉంచడం అవసరం.

6. స్కూల్లో, కాలేజీలో జాతి పేరుతో వేధిస్తే?

ఫెడరల్ నిధులు పొందే విద్యాసంస్థలకు, జాతి వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల చట్టం ఆరో అధ్యాయం వర్తిస్తుంది. ఘటన జరిగిన 180 రోజుల్లోగా ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయాలి. ఇద్దరు తల్లులున్నారన్న కారణంతో వేధిస్తే రక్షణ ప్రధానంగా రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. రెండు కారణాలూ కలిసి ఉంటే ఫిర్యాదులో వేర్వేరుగా రాయండి.

7. కన్నవారిని వెతికే హక్కు నాకుందా?

ఉంది, పరిమితులతో. 18 నిండినవారు కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’కు స్వయంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. 18 లోపువారు దత్తత తల్లితో కలిసి పెట్టాలి. కన్నవారు తమ వివరాలు గోప్యంగా ఉంచమని కోరి ఉంటే వారి రాతపూర్వక సమ్మతి కావాలి. వారు నిరాకరించినా, దొరక్కపోయినా, బిడ్డను ఏ పరిస్థితుల్లో అప్పగించారో తెలుసుకునే హక్కు మిగులుతుంది. దాన్ని వదులుకోవద్దు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999, 2001లలో లంబాడా తండాల నుంచి శిశువుల అమ్మకాలు బయటపడ్డాయి. ఆ కాలంలో వెళ్లినవారు అప్పగింత పత్రం నకలు తప్పక అడగాలి. అందులోని పేరూ తేదీ నిజమేనని ముందే అనుకోవద్దు. మూలాలు వెతకడం తల్లులపట్ల కృతఘ్నత కాదు. వారి అనుమతి మేజర్లకు అవసరమూ లేదు.

8. మా తెలుగు మిత్రులు ఊరికెళ్లి ఆరా తీయవచ్చా?

కోర్టు అనుమతి ఉంటే తప్ప తీయకూడదు. మూడో వ్యక్తి ద్వారా అన్వేషణను నిబంధనలు అనుమతించవు. కన్నతల్లి ఇప్పుడు మరో కుటుంబంలో ఉండవచ్చు, ఒక్క ప్రశ్నతో ఆమె బతుకు బజారున పడవచ్చు. సాయం చేయాలనుకునే తెలుగువారు పత్రాలు చదివి పెట్టండి, దరఖాస్తు రాయడంలో తోడుండండి. ఊళ్లో మాత్రం ఎవరినీ అడగకండి.